మహాశ్వేతాదేవి – జీవితం, కృషి

పరిచయం

చదువుతున్నప్పుడు ఒక్కోసారి తెలియని మాట ఎదురవుతుంది. నిఘంటువు దగ్గర ఉండదు. ఎవరినైనా అడుగుదామంటే మొహమాటం అడ్డు వస్తుంది. ఈ అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

1980 ప్రాంతంలో కలకత్తాలో మనోరంజన్ బ్యాపారీ అనే రిక్షా కార్మికుడికి ఇలాగే జరిగింది. ఆయనది తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చిన పేద దళిత కుటుంబం. చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. యువకుడిగా ఉండగా జైలుకు వెళ్లవలసి వచ్చింది. అక్కడే తోటి ఖైదీ దగ్గర, నేలమీద గీస్తూ అక్షరాలు నేర్చుకున్నారు. బయటికి వచ్చాక రిక్షా తొక్కుతూ, సవారీ కోసం ఎదురుచూసే వేళల్లో పుస్తకాలు చదివేవారు. ఒక పుస్తకంలో ‘జిజీవిష’ అనే మాట కనిపించింది. అర్థం తెలియలేదు.

ఒకనాడు ఒక కళాశాల దగ్గర ఒక పెద్దావిడ ఆయన రిక్షా ఎక్కారు. చూస్తే పాఠాలు చెప్పే మనిషిలా ఉన్నారు. ధైర్యం చేసి ఆ మాటకు అర్థం అడిగారు. బతకాలనే కోరిక అని ఆమె చెప్పారు. ఆ మాట ఎక్కడ దొరికిందని ఆమె తిరిగి ఆయనను అడిగారు. ఆయన కథంతా విని, తన పత్రికకు ఏదైనా రాయమన్నారు. చిరునామా రాసి ఇచ్చారు. ఆ కాగితం మీద పేరు చూశాకే, తాను రిక్షాలో పెట్టుకుని చదువుతున్న పుస్తకం రాసింది ఆమేనని బ్యాపారీకి తెలిసింది.

ఆ పెద్దావిడ మహాశ్వేతాదేవి. బెంగాలీలో వందకు పైగా పుస్తకాలు రాసిన నవలా రచయిత్రి. ఆదివాసుల హక్కుల కోసం, వెట్టి కార్మికుల విముక్తి కోసం నలభై ఏళ్లకు పైగా పనిచేసిన కార్యకర్త. ఈ పాఠంలో ఆమె జీవితం గురించి, ఆమె చేసిన పని గురించి తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

– మహాశ్వేతాదేవి జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
– ఆమె రాసిన మూడు ముఖ్య రచనల కథను, నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
– వెట్టి అంటే ఏమిటో, ‘నేరస్థ జాతులు’ అనే ముద్ర ఎలా పుట్టిందో తెలుసుకుంటారు.
– ఇతరుల తరఫున మాట్లాడటానికీ, ఇతరులు మాట్లాడే వీలు కల్పించడానికీ మధ్య తేడా గుర్తిస్తారు.

1. బాల్యం, చదువు, ఉద్యోగం

మహాశ్వేతాదేవి 1926 జనవరి 14న ఢాకాలో పుట్టారు. ఢాకా అప్పుడు బ్రిటిషు పాలనలోని బెంగాల్‌లో ఉండేది. నేడు బంగ్లాదేశ్ రాజధాని. తండ్రి మనీష్ ఘటక్ పేరున్న కవి, నవలాకారుడు. తల్లి ధరిత్రీదేవి కూడా రచయిత్రి. ప్రఖ్యాత సినిమా దర్శకుడు ఋత్విక్ ఘటక్ ఆమెకు చిన్నాన్న. ఇంటినిండా పుస్తకాలు, చర్చలు ఉండేవి. మహాశ్వేతాదేవి శాంతినికేతన్‌లో చదువుకున్నారు. అప్పటికి రవీంద్రనాథ్ ఠాగూర్ జీవించే ఉన్నారు.

1943లో బెంగాల్‌లో భయంకరమైన కరువు వచ్చింది. లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. గ్రామాల నుంచి జనం గంజి కోసం కలకత్తా వీధుల్లోకి వచ్చారు. విద్యార్థినిగా ఉన్న మహాశ్వేతాదేవి సహాయక పనుల్లో పాల్గొన్నారు. ఆకలి అంటే ఏమిటో పుస్తకాల్లో కాక ఎదురుగా చూశారు.

1947లో ఆమె బిజన్ భట్టాచార్యను పెళ్లి చేసుకున్నారు. ఆయన ఆ కరువు మీదనే ‘నబాన్న’ అనే నాటకం రాసిన నాటకకర్త. 1948లో కొడుకు నబారుణ్ పుట్టాడు. తరువాతి కాలంలో అతడూ పేరున్న రచయిత అయ్యాడు. ఆ రోజుల్లో సంసారం గడవడం కష్టంగా ఉండేది. ఆమెకు తపాలా శాఖ లెక్కల కార్యాలయంలో ఉద్యోగం దొరికింది గాని నిలవలేదు. కమ్యూనిస్టు అనే అనుమానంతో తీసేశారు. సబ్బు అమ్మి, ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపారు. 1960 దశకం మొదట్లో ఆమె వివాహబంధం ముగిసింది. 1963లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఇంగ్లీషులో ఎం.ఏ. పూర్తి చేశారు. అప్పటికి ఆమె వయసు 37 సంవత్సరాలు. 1964లో కలకత్తాలోని విజయగఢ్ కళాశాలలో అధ్యాపకురాలిగా చేరారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆమె చదువు వరుసగా, ఆటంకం లేకుండా సాగలేదు. మధ్యలో ఉద్యోగం పోయింది, బిడ్డను పెంచాలి, పూట గడవాలి. అయినా చదువును వదలలేదు. బాధ్యతల నడుమ చదువుతున్న మీకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

2. మొదటి పుస్తకం: జనం నోట చరిత్ర

ఆమె మొదటి పుస్తకం ‘ఝాన్సీర్ రాణీ’. ఇది ఝాన్సీ లక్ష్మీబాయి జీవితచరిత్ర. 1956లో పుస్తకంగా వచ్చింది. ఈ పుస్తకం రాసిన తీరు ఆమె తరువాతి కృషికంతటికీ పునాది అయింది. అందుచేత దాని గురించి కొంచెం వివరంగా తెలుసుకుందాం.

రాణి గురించి అప్పటికే పుస్తకాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఇంగ్లీషు అధికారుల కాగితాల ఆధారంగా రాసినవి. అవి చదివి రాస్తే సరిపోతుందని మహాశ్వేతాదేవి అనుకోలేదు. పసివాడైన కొడుకును ఇంటి దగ్గర వదిలి, చేతిలో కొద్దిపాటి డబ్బుతో ఝాన్సీ, గ్వాలియర్ ప్రాంతాలకు వెళ్లారు. ఊరూరా తిరిగారు. చలిమంటల దగ్గర కూర్చుని వృద్ధులు చెప్పే కథలు విన్నారు. ఆడవాళ్లు పాడే పాటలు రాసుకున్నారు. రాణి చనిపోలేదనీ, ఈ నేలలోనే దాగి ఉందనీ నమ్మేవాళ్లు ఆమెకు కనిపించారు.

రాణి 1858లో యుద్ధంలో మరణించింది. ఇది చరిత్ర. మరి జనం నమ్మకం సంగతేమిటి? దాన్ని అబద్ధమని కొట్టిపారెయ్యకుండా, ఆ రాణి జనానికి ఎంత ముఖ్యమో చెప్పే సాక్ష్యంగా మహాశ్వేతాదేవి తీసుకున్నారు. చదువురాని జనం తమ చరిత్రను కాగితం మీద రాయలేదు. పాటలో, కథలో, సామెతలో దాచుకున్నారు. అది కావాలంటే వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. ఈ పద్ధతిని ఆమె జీవితాంతం పాటించారు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

(అ) మహాశ్వేతాదేవి మొదటి పుస్తకం ఎవరి జీవితచరిత్ర?
(ఆ) ఆ పుస్తకం కోసం ఆమె కాగితాలతో పాటు ఇంకా వేటిని ఆధారంగా తీసుకున్నారు?

3. పలామూ: కాగితం మీది వేలిముద్ర

1965 ప్రాంతంలో మహాశ్వేతాదేవి పలామూ వెళ్లారు. పలామూ అప్పట్లో బీహారులో ఉండేది. 2000 నుంచి జార్ఖండ్‌లో ఉంది. అడవులు, కొండలు, వర్షాభావం ఉన్న ప్రాంతం. భూమి కొద్దిమంది పెద్ద రైతుల చేతుల్లో ఉండేది. మిగిలినవాళ్లు, ముఖ్యంగా ఆదివాసులు, దళితులు, వాళ్ల పొలాల్లో కూలీలు. వీరిలో చాలామంది ‘కమియా’లు. కమియా అంటే అప్పుకింద కట్టుబడిపోయిన పనివాడు. మన తెలంగాణ గ్రామాల్లో ఒకప్పుడు దొరలు చేయించుకున్న వెట్టిచాకిరీ గురించి మీరు విని ఉంటారు. రూపం కొంత వేరైనా, బలవంతపు చాకిరీ అన్న సంగతి రెండింటిలోనూ ఒకటే.

ఈ బంధం ఎలా పడుతుందో చూద్దాం. ఇంట్లో పెళ్లో, చావో, జబ్బో వస్తుంది. లేదా తిండిగింజలు అయిపోతాయి. పేదవాడు ఆసామి దగ్గర కొద్ది డబ్బో ధాన్యమో అప్పు తీసుకుంటాడు. ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. అందులో ఏం రాశారో, ఎంత రాశారో అతడికి తెలియదు. అప్పు తీరేదాకా ఆసామి పొలంలో పనిచెయ్యాలి. ఇచ్చే కూలి పొట్టకే చాలదు గనుక మళ్లీ అప్పు చేస్తాడు. వడ్డీ పెరుగుతుంది. అతడు పోయాక ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకుంటుంది. ఇలా కొన్ని కుటుంబాలు తరతరాలుగా బానిసలుగా బతికాయి.

1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం ఇటువంటి అప్పులన్నీ రద్దు. ఎవరినీ అప్పు పేరుతో బలవంతంగా పనిచేయించకూడదు. అయితే చట్టం రావడం వేరు, అది గ్రామానికి చేరడం వేరు. వెట్టివాళ్లను గుర్తించవలసింది అధికారులు. మా జిల్లాలో వెట్టి లేదని వాళ్లు రాసి పంపితే చట్టం అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడే మహాశ్వేతాదేవి పని మొదలైంది. ఆమె గ్రామాలు తిరిగి వివరాలు సేకరించారు. పత్రికల్లో వ్యాసాలు రాశారు. అధికారులకు అర్జీలు పెట్టారు. 1980 ప్రాంతంలో పలామూ వెట్టి కార్మికులు సొంతంగా ఒక సంఘం పెట్టుకోవడానికి తోడ్పడ్డారు. 1984లో కళాశాల ఉద్యోగం వదిలేసి, పూర్తికాలం రచనకూ ఈ పనికీ కేటాయించారు.

నవల రాసే చేత్తోనే అర్జీ రాయడం ఆమెకు చిన్నతనం కాలేదు. బావి తవ్వించమని, పాఠశాల పెట్టించమని, భూమి పట్టా ఇప్పించమని ఆమె లెక్కలేనన్ని ఉత్తరాలు రాశారు. ఆమె దృష్టిలో అదీ రచనే.

4. మూడు ముఖ్య రచనలు

మహాశ్వేతాదేవి రచనలన్నింటినీ ఈ పాఠంలో చెప్పుకోలేం. మూడింటిని మాత్రం పరిశీలిద్దాం.

(అ) ‘హజార్ చురాశీర్ మా’ (1974)

ఈ పేరుకు ‘1084వ నెంబరు తల్లి’ అని అర్థం. 1970 ప్రాంతంలో బెంగాల్‌లో నక్సలైటు ఉద్యమం సాగింది. ఎందరో కాలేజీ కుర్రవాళ్లు అందులో చేరారు. చాలామంది చనిపోయారు. ఈ నవలలో సుజాత అనే తల్లి ఉంది. సంపన్న కుటుంబం, బ్యాంకులో ఉద్యోగం. చిన్నకొడుకు వ్రతి అంటే ప్రాణం. ఒక తెల్లవారుజామున ఫోను వస్తుంది. శవాగారానికి వెళ్లి చూస్తే కొడుకు శవానికి ఒక నెంబరు తగిలించి ఉంటుంది: 1084.

భర్త తన పరువు కోసం కొడుకు పేరు పత్రికల్లో రాకుండా చూసుకుంటాడు. ఇంట్లో ఎవరూ వ్రతి గురించి మాట్లాడరు. సుజాత మాత్రం తన కొడుకు ఎందుకు చనిపోయాడో తెలుసుకోవాలనుకుంటుంది. రెండేళ్ల తరువాత, అతడి పుట్టినరోజున, ఒక్క రోజులో జరిగే కథ ఇది. అతడితో పాటు చనిపోయిన స్నేహితుడి ఇంటికి వెళ్తుంది. అది పేద ఇల్లు. అక్కడి తల్లి నోరు తెరిచి ఏడవగలదు. సుజాతకు ఆ స్వేచ్ఛ కూడా లేదు. కన్నకొడుకే తనకు తెలియనివాడుగా ఉండిపోయాడని ఆమె గ్రహిస్తుంది. ఈ నవల ఆధారంగా 1998లో గోవింద్ నిహలానీ హిందీ సినిమా తీశారు. తెలుగులో ఈ నవల ‘ఒక తల్లి’ పేరుతో వచ్చింది.

(ఆ) ‘అరణ్యేర్ అధికార్’ (1977)

‘అడవిపై హక్కు’ అని ఈ పేరుకు అర్థం. ఇది బిర్సా ముండా కథ. బిర్సా 1875లో ఇప్పటి జార్ఖండ్‌లోని ముండా ఆదివాసీ కుటుంబంలో పుట్టాడు. అడవి నరికి సాగులోకి తెచ్చిన భూమి మీద ముండాలకు ఉమ్మడి హక్కు ఉండేది. బ్రిటిషు పాలనలో జమీందారులు, వడ్డీ వ్యాపారులు వచ్చి ఆ భూములు లాక్కున్నారు. అటవీ చట్టాలు వచ్చి అడవి కూడా పరాయిదైంది. 1899 చివర బిర్సా నాయకత్వంలో ముండాలు తిరగబడ్డారు. దాన్ని ‘ఉల్‌గులాన్’ అంటారు. గొప్ప అలజడి అని అర్థం. విల్లంబులు తుపాకుల ముందు నిలవలేదు. బిర్సాను పట్టుకున్నారు. 1900 జూన్ 9న రాంచీ జైలులో అతడు మరణించాడు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. అయితే ఆ తిరుగుబాటు వృథా కాలేదు. 1908లో ఆదివాసుల భూమిని ఇతరులకు బదిలీ చేయడాన్ని అరికట్టే ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది.

మన్యంలో 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం మీకు తెలుసు. అక్కడా అటవీ చట్టాలు, పోడు వ్యవసాయంపై ఆంక్షలే తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. ఈ రెండు పోరాటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆదివాసులకు అడవి ఎందుకంత ముఖ్యమో బాగా అర్థమవుతుంది. ఈ నవలకు 1979లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. తెలుగులో ఇది ‘ఎవరిదీ అడవి?’ పేరుతో వచ్చింది.

(ఇ) ‘రుదాలి’ (1979)

రుదాలి అంటే కూలి తీసుకుని చావు ఇంట ఏడ్చే స్త్రీ. ఈ కథలో శనిచరి అనే పేద స్త్రీ ఉంది. అత్త చనిపోయినప్పుడు, భర్త చనిపోయినప్పుడు, కొడుకు చనిపోయినప్పుడు ఆమె ఏడవలేదు. ఆమెకు దుఃఖం లేక కాదు. దహనానికి డబ్బు ఎక్కడ తేవాలి, రేపటి తిండి ఎలా అన్న ఆలోచనలో ఏడవడానికి తీరిక దొరకలేదు. అటువంటి శనిచరి చివరికి భూస్వాముల ఇళ్లలో డబ్బుకు ఏడ్చే పనిలో చేరుతుంది. బతికి ఉండగా జనాన్ని ఏడిపించిన ఆసాముల ఇంట, వాళ్లు చచ్చాక ఏడ్చేవాళ్లు లేక కూలివాళ్లను పిలవవలసి వచ్చింది! ఈ విడ్డూరాన్ని రచయిత్రి ఎక్కడా ఉపన్యాసం చెప్పకుండా, కూలి బేరాల లెక్కల్లోనే చూపించారు. ఈ కథ నాటకంగా, 1993లో హిందీ సినిమాగా కూడా వచ్చింది.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. పెద్ద రికార్డుల్లో ఒక నెంబరుగానో, ఒక వేలిముద్రగానో మిగిలిపోయే మనిషికి ఆమె పేరు, మాట, కథ తిరిగి ఇచ్చారు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2

సరైనదైతే ‘అవును’ అని, కాకపోతే ‘కాదు’ అని రాయండి.

(అ) 1976 చట్టం ప్రకారం వెట్టి అప్పును వారసులు తీర్చాలి.
(ఆ) బిర్సా ముండా రాంచీ జైలులో మరణించాడు.
(ఇ) శనిచరికి దుఃఖం లేదు గనుక ఏడవలేదు.

5. పుట్టుకతోనే పడిన నేరం

1871లో బ్రిటిషు ప్రభుత్వం ‘నేరస్థ జాతుల చట్టం’ చేసింది. కొన్ని కులాలు, తెగలు మొత్తంగా దొంగలని ఈ చట్టం ప్రకటించింది. ఆ జాతిలో పుట్టిన బిడ్డ ఏ తప్పూ చెయ్యకముందే నేరస్థుడుగా లెక్క. వాళ్లు పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేసుకోవాలి. హాజరు వేయించుకోవాలి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1911 నుంచి ఈ చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం గురించి మీరు వినే ఉంటారు. ఎరుకల వారి కోసం ఆ రోజుల్లో ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటు అది. ఆ ఊరి పేరు చెబితే జనం ఎన్నాళ్లు ఎలా చూశారో తలుచుకుంటే, ఈ ముద్ర ఎంత లోతైనదో మీకు తెలుస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అప్పటి నుంచి ఈ జాతులను ‘విముక్త జాతులు’ అంటున్నారు. చట్టం పోయింది గాని అనుమానం పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వీళ్ల గుడిసెల మీదనే పడేవారు.

పశ్చిమ బెంగాల్‌లో లోధాలు, ఖేడియా శబర్లు ఇటువంటివారు. లోధాలలో మొట్టమొదటి మహిళా పట్టభద్రురాలు చునీ కోటాల్. ఎన్నో కష్టాలు పడి చదువుకున్న ఆమె, పై చదువులో జాతి పేరుతో ఎదురైన అవమానాల మధ్య 1992లో ఆత్మహత్య చేసుకుంది. మహాశ్వేతాదేవి ఆమె గురించి పత్రికల్లో తీవ్రంగా రాశారు.

పురూలియా జిల్లాలో ఖేడియా శబర్ల సంక్షేమ సమితితో మహాశ్వేతాదేవి చాలా ఏళ్లు కలిసి పనిచేశారు. బడులు, మంచినీరు, గడ్డితో ఆకులతో చేసే చేతిపనులకు అమ్మకాలు – వీటి కోసం సమితి కృషి చేసింది. శబర్లు ఆమెను తమ తల్లిగా భావించారు.

1998 ఫిబ్రవరిలో పురూలియాలో బుధన్ శబర్ అనే యువకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 17న, నిర్బంధంలో అతడు చనిపోయాడు. ఆత్మహత్య అని అధికారులు చెప్పారు. సమితి వాళ్లు నమ్మలేదు. శవాన్ని దహనం చెయ్యకుండా పూడ్చి భద్రపరిచారు. శవం ఉంటేనే కదా మళ్లీ పరీక్ష చేయించడానికి వీలవుతుంది! సమితి తరఫున కలకత్తా హైకోర్టులో వ్యాజ్యం వేశారు. అదే సంవత్సరం కోర్టు సి.బి.ఐ. విచారణకు, బుధన్ భార్యకు నష్టపరిహారానికి ఆదేశించింది.

అదే 1998లో మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీ, లక్ష్మణ్ గాయక్వాడ్ కలిసి విముక్త, సంచార జాతుల హక్కుల కోసం దేశస్థాయిలో ఒక సంస్థ ఏర్పాటు చేశారు. అహమ్మదాబాదులోని ఛారా అనే విముక్త జాతి యువకులు బుధన్ కథను నాటకంగా ఆడారు. వాళ్ల నాటక బృందం పేరే ‘బుధన్ థియేటర్’ అయింది. బెంగాల్‌లో చనిపోయిన ఒక శబర్ యువకుడి పేరు, ఏనాడూ అతణ్ణి చూడని గుజరాత్ యువకులకు గొంతునిచ్చింది.

6. ‘బర్తిక’: ఎవరి కథ వాళ్లే రాయాలి

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. మహాశ్వేతాదేవి ఆదివాసి కాదు. పట్నంలో చదువుకున్న కుటుంబం ఆమెది. ఆదివాసుల కథను ఆమె రాయవచ్చా? వాళ్ల తరఫున మాట్లాడే హక్కు ఆమెకు ఎక్కడిది?

ఇది న్యాయమైన ప్రశ్న. ఎంత మంచి మనసుతో రాసినా, బయటివారు రాసింది బయటివారు రాసిందే. దీనికి ఆమె మాటలతో కాక, ఒక పనితో జవాబు చెప్పారు. ఆ పని పేరు ‘బర్తిక’.

బర్తిక ఒక చిన్న పత్రిక. బర్తిక అంటే దీపపు వత్తి. మన ‘వత్తి’, ఆ ‘బర్తిక’ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చాయి. ఆమె తండ్రి మనీష్ ఘటక్ దాన్ని నడిపేవారు. 1979లో ఆయన చనిపోయాక ఆమె సంపాదకత్వం చేపట్టి, పత్రిక స్వరూపాన్నే మార్చేశారు. పేరున్న రచయితల కథలు, కవితలు మానేశారు. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, ఆదివాసులు, రిక్షావాళ్లు తమ జీవితం గురించి తామే రాయాలన్నారు. మా ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, ఎంతమందికి భూమి ఉంది, కూలి ఎంత, అప్పు ఎంత, బడి ఎంత దూరం – ఇలాంటి వివరాలతో రాయమని ప్రోత్సహించారు. రచన సొగసుగా లేకపోయినా ఫరవాలేదు, నిజం ఉండాలి.

పాఠం మొదట్లో చెప్పుకున్న మనోరంజన్ బ్యాపారీకి ఆమె రాసి ఇచ్చింది ఈ పత్రిక చిరునామానే. ఆయన ఎన్నోసార్లు కొట్టివేసి, మళ్లీ రాసి, చివరికి ఒక వ్యాసం పంపారు. రిక్షా తొక్కడం గురించి రాసిన ఆ వ్యాసం 1981లో అచ్చయింది. ఆ తరువాత ఆయన చాలా ఏళ్లు ఒక బడిలో వంటవాడిగా పనిచేస్తూ కథలు, నవలలు రాశారు. ఆయన ఆత్మకథ ఇంగ్లీషులోకి కూడా అనువాదమై, 2018లో జాతీయస్థాయి బహుమతి అందుకుంది. 2021లో ఆయన పశ్చిమ బెంగాల్ శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆలోచించి చూడండి. మహాశ్వేతాదేవి ఒక రిక్షా కార్మికుడి గురించి మంచి కథ రాసి ఉండవచ్చు. అది ఆమె పుస్తకాల్లో మరొకటి అయ్యేది. అలా చెయ్యకుండా ఆయన చేతికే కలం ఇచ్చారు. దాంతో బెంగాలీ సాహిత్యానికి ఒక కొత్త రచయిత దొరికాడు.

7. గౌరవాలు, చివరి సంవత్సరాలు

ఆమెకు 1986లో పద్మశ్రీ, 1996 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం, 1997లో రామన్ మెగసెసె పురస్కారం, 2006లో పద్మవిభూషణ్ లభించాయి. బహుమతి డబ్బును ఆదివాసుల సంక్షేమానికి ఇచ్చారు.

వయసు మీదపడినా ఆమె ఊరుకోలేదు. 2006–07లో పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు, నందిగ్రామ్‌లలో పరిశ్రమల కోసం రైతుల భూములు తీసుకునే ప్రయత్నం జరిగింది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు కాల్పుల్లో 14 మంది మరణించారు. అప్పుడు అధికారంలో ఉన్నది వామపక్ష ప్రభుత్వం. ఆమె ఆ ప్రభుత్వాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. 2011లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వాన్ని కూడా తప్పు అనిపించినప్పుడు విమర్శించారు.

2016 జులై 28న, 90 సంవత్సరాల వయసులో, కలకత్తాలో ఆమె కన్నుమూశారు.

సారాంశం

మహాశ్వేతాదేవి 1926లో ఢాకాలో పుట్టి, బెంగాలీలో నవలలు, కథలు రాశారు. జనం నోటిమాటలో ఉన్న చరిత్రను గౌరవించారు. పలామూ వెట్టి కార్మికులతో, పురూలియా శబర్లతో కలిసి పనిచేశారు. ఆమెకు రచన, ఆచరణ వేరు వేరు పనులు కావు. నవల, వ్యాసం, అర్జీ, కోర్టు వ్యాజ్యం – అవసరాన్ని బట్టి ఏది కావాలో అది రాశారు. అన్నిటికంటే ముఖ్యంగా, నోరులేనివారనే పేరుపడ్డవారికి నోరు ఉందనీ, వినేవాళ్లే లేరనీ గ్రహించి, వాళ్లు రాయడానికి చోటు కల్పించారు.

కొత్త మాటలు

జిజీవిష – బతకాలనే కోరిక
కాందిశీకులు – ఉన్న చోటు వదిలి ప్రాణభయంతో వచ్చినవారు
కమియా – అప్పుకింద కట్టుబడిన పనివాడు
ఉల్‌గులాన్ – గొప్ప అలజడి, తిరుగుబాటు
వ్యాజ్యం – కోర్టులో వేసే దావా
విముక్త జాతులు – నేరస్థ జాతుల చట్టం నుంచి విడుదల పొందిన జాతులు

అభ్యాసం

1. వెట్టి బంధం ఎలా మొదలై, ఎలా తరతరాలకు సాగుతుందో పది వాక్యాల్లో రాయండి.
2. ‘హజార్ చురాశీర్ మా’ నవలలో సుజాత ఏం తెలుసుకోవాలనుకుంది? ఏం గ్రహించింది?
3. ‘చట్టం రావడం వేరు, అది గ్రామానికి చేరడం వేరు.’ ఈ మాటను మీకు తెలిసిన ఒక ఉదాహరణతో వివరించండి.
4. మీరు చేసే పని గురించి, ‘బర్తిక’కు రాస్తున్నట్లుగా, ఒక పేజీ రాయండి. ఉదయం ఎన్ని గంటలకు మొదలవుతుంది, ఎంత కూలి లేదా రాబడి వస్తుంది, ఏది కష్టం, ఏది మీకు బాగా వచ్చు – ఇవన్నీ ఉన్నది ఉన్నట్లు రాయండి. అక్షరదోషాలకు భయపడకండి. రాసింది ఇంట్లోవారికో, మీ అధ్యయన కేంద్రంలోని స్నేహితులకో చదివి వినిపించండి.

జవాబులు

మీ ప్రగతిని తెలుసుకోండి – 1: (అ) ఝాన్సీ లక్ష్మీబాయి. (ఆ) జనం చెప్పిన కథలు, పాడిన పాటలు, వారి నమ్మకాలు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2: (అ) కాదు, ఆ అప్పు రద్దవుతుంది. (ఆ) అవును. (ఇ) కాదు; ఏడవడానికి తీరిక లేకపోయింది.

అభ్యాసంలోని నాలుగో ప్రశ్నకు జవాబు ఈ పుస్తకంలో లేదు. అది మీ దగ్గరే ఉంది.